అంతర్వేది చేరని పల్లకీ

మాఘమాసం, తెల్లవారుజాము. లంకల గన్నవరంలో డొక్కావారి అరుగు ముందు పల్లకీ దించి ఉంది. బోయీలు తలగుడ్డలు విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నారు. చలికి కాదు, ఊసుపోక. బయల్దేరదామని అనుకుని చాలాసేపయింది. లోపల సీతమ్మగారు ఇంకా వంటింట్లోనే ఉన్నారు. గాదె తాళం ఎవరి దగ్గరుండాలో, పెరుగు ఎన్ని కుండల్లో తోడుపెట్టిందో, పొద్దుపోయి వచ్చేవాళ్ళ కోసం ఎన్ని సోలల బియ్యం వార్చి ఉంచాలో ఒకటికి రెండుసార్లు చెబుతున్నారు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కూడా అన్ని అప్పగింతలు ఉండవు.

ఆవిడ వెళ్ళేది అంతర్వేదికి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం. గన్నవరానికి పాతిక మైళ్ళ పైచిలుకు. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజులు దగ్గరపడ్డాయంటే గోదావరి జిల్లాల్లో ఏ మూలనుంచైనా జనం మూటలు కట్టుకుని కదులుతారు. వాళ్ళలో ఎందరికో దారిలో విస్తరి వేసిన మనిషి, తాను మాత్రం ఆ గుడి గడప చూడలేదు.

ఈ దృశ్యం నేను కట్టుకున్నది. ఆ తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని ఎవరూ రాసిపెట్టలేదు, తీర్థం రోజులే అయ్యుంటాయన్నదీ నా ఊహే. సీతమ్మగారు అంతర్వేదికి పల్లకీలో బయల్దేరడం, సగం దారిలో జరిగింది మాత్రం వందేళ్ళ పైబడి కోనసీమ జనం నోట నిలిచిన కథ. చెప్పేవాళ్ళను బట్టి చెట్టు మారుతుంది, ఊరు మారుతుంది, ఎదురొచ్చిన మనుషుల లెక్క మారుతుంది. కొందరి కథలో అది పెళ్ళివారి గుంపు, కొందరి కథలో పిల్లలతో ఉన్న ఒక సంసారం. కథ తిరిగే చోటు ఒక్కటే.

పల్లకీ లేచేలోగా ఆ ఇల్లు ఎక్కడుందో చూసుకోవాలి. ఎందుకంటే సీతమ్మగారి గురించి రాసేవాళ్ళందరూ ఆవిడ దయ గురించి రాస్తారు, ఆవిడ ఉన్న చోటు గురించి రాయరు. దయగల తల్లులు తెలుగుదేశంలో ఊరికొకరు ఉంటారు. వాళ్ళ ఇల్లు దారిలో ఉండాలి కదా.

కోనసీమ మూడువైపులా గోదావరి పాయలు, ఒకవైపు సముద్రం ఉన్న నేల. ఉత్తరాన, తూర్పున గౌతమి. పడమట వశిష్ఠ. వశిష్ఠలోంచి చీలిన వైనతేయ నేలను మళ్ళీ రెండుగా కోసి ఓడలరేవు దగ్గర సముద్రంలో పడుతుంది. ఇటు అమలాపురం, అటు రాజోలు. రాజోలు వైపున్న ముక్కను పాత కాగితాల్లో నగరం దీవి అని రాశారు. ఇవికాక పాయల నడుమ చిన్నా పెద్దా లంకలు. కొన్నింటిలో ఊళ్ళున్నాయి, కొన్నింటిలో పొగాకో, కూరగాయలో పండించుకుని సాయంత్రానికి ఒడ్డుకు వచ్చేస్తారు. వైనతేయ విడిపోయే మొగలోనే గన్నవరం. ఉత్తరాన కొత్తపేట మీదుగా వచ్చేవాళ్ళు, తూర్పున అమలాపురం నుంచి వచ్చేవాళ్ళు, రాజోలు, అంతర్వేది వెళ్ళేవాళ్ళు, అటునుంచి తిరిగొచ్చేవాళ్ళు అందరూ కాళ్ళు కడుక్కోవాల్సిన ఊరు.

సీతమ్మగారు ఆ ఊరికి వచ్చింది కూడా నీళ్ళు దాటే. పుట్టింది 1841లో, మండపేటలో, అంటే గౌతమికి అవతల. తండ్రి అనుపిండి భవానీశంకరం గారిని ఊళ్ళో అందరూ బువ్వన్న అనేవారు. అడిగినవాడికి బువ్వ పెట్టి పంపేవాడు కాబట్టి ఆ పేరు. తల్లి నరసమ్మ గారు. గన్నవరం డొక్కావారి జోగన్న గారు ఒకసారి ప్రయాణంలో వేళకాని వేళ ఆ ఇంటికి చేరారనీ, అక్కడ దొరికిన ఆదరం చూసి ఆ పిల్లనే చేసుకున్నారనీ చెబుతారు. ఆకలేసిన బాటసారి ఒకడు తలుపు తట్టడంతో మొదలైన సంసారం అన్నమాట.

మండపేట నుంచి గన్నవరానికి ఇవాళ కారులో గంటన్నర చాలు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కి, రావులపాలెంలో దిగి, కొత్తపేట మీదుగా వెళ్ళిపోవచ్చు. ఆ పెళ్ళికూతురి నాడు అదొక పూర్తి రోజు, కలిసిరాకపోతే రెండు. ఎడ్లబండి గౌతమి గట్టు దగ్గర ఆగుతుంది. గట్టు దిగితే ఇసుక. శీతాకాలంలో నది సన్నబడి ఏ మధ్యకో వెళ్ళిపోతుంది గనక ముందు ఇసుకలో చాలా దూరం నడవాలి. అప్పుడు పడవ. దిగాక మళ్ళీ ఇసుక, మధ్యలో లంక ఉంటే దాన్ని దాటి ఇంకో పడవ. పడవ నిండితేగానీ కదలదు. నిండేలోగా అవతలి ఒడ్డున కేకవేసేవాడు కేకలేస్తూనే ఉంటాడు. బండీ ఎడ్లూ దాటాలంటే రెండు పడవలు జతకట్టి పైన చెక్కలు పరిచిన పంటు రావాలి. పొద్దుగూకితే పడవవాడు గెడ భుజాన వేసుకుని ఇంటికి పోతాడు. మీరు ఏ ఒడ్డున ఉండిపోతే ఆ రాత్రికి అదే మీ ఊరు.

శ్రావణ భాద్రపదాల్లో ఇసుక కనపడదు. గట్టునుంచి గట్టుదాకా ఎర్రనీళ్ళు. చుక్కాని పట్టినవాడు ఎదురుగా ఉన్న రేవుకు గురిపెట్టడు. ఏటికెదురుగా చాలాదూరం గెడేసుకుంటూ పోయి, అక్కడినుంచి అడ్డంగా కోసుకొస్తే ప్రవాహం పడవను రేవుకు తెచ్చి పెడుతుంది. లెక్క తప్పితే కిందనున్న లంకలో తేలతారు. ఈ రేవులన్నిటికీ పాటదారులు ఉండేవారు. రేవు పాట పాడుకున్నవాడు తలకింత, పశువుకింత, బండికింత అని వసూలు చేసుకునేవాడు. కాలువల మీద, రేవుల మీద పెత్తనానికి మద్రాసు ప్రభుత్వం 1890లో ఒక చట్టమే చేసింది.

నదిని దాటడం ఒక ఎత్తు. నేల మీద తిరగడం ఇంకో ఎత్తు, దానికి మాత్రం ఆవిడ చిన్నతనంలోనే సుఖం వచ్చింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి ఒకటి అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు పారింది. ఆ కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా. గట్టు మీద మనుషులు మోకు భుజాన వేసుకుని లాగుతుంటే, సరంగు చుక్కాని దగ్గర కునికిపాట్లు పడుతుంటే, ధాన్యం బస్తాల మీద ప్రయాణికులు పడుకుని వెళ్ళేవారు. లాకు దగ్గర తలుపులు తెరిచేదాకా ఆగడం, ఆగినచోట మరమరాలు నమలడం. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తే ఆ సుఖమూ లేదు.

గన్నవరం దగ్గర ఇంకో వింత జరిగింది. రాజోలు వైపు నేలకు కాలువ నీరు అందాలంటే వైనతేయ అడ్డం. లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు కాటన్ చేతికింద 1850ల తొలినాళ్ళలో నది మీదుగా కాలువనే నడిపించాడు. 49 కమానులు, ఒక్కో కమాను 40 అడుగులు. నది కింద పారుతుంటే కాలువ పైన పారింది. బాలిక సీతమ్మ కోడలిగా అడుగుపెట్టిన ఊరు అలా ఆ దేశంలోనే చూడదగ్గ కట్టడం ఉన్న ఊరైంది. జనం రాకపోకలు ఇంకా పెరిగాయి.

ఇంక అసలు చిక్కు. పడవకు డబ్బులిచ్చి నది దాటొచ్చు. అన్నం? పందొమ్మిదో శతాబ్దపు కోనసీమలో దారిలో అన్నం కొనుక్కునే చోటు లేదు. హోటలు అనే మాటే పుట్టలేదు. ఒకరి చేతి అన్నం ఇంకొకరు తినని రోజులు గనక డబ్బున్నా దొరికేది కాదు. సత్రాలు పెద్ద క్షేత్రాల్లో ఉండేవి, రేవుల్లో కాదు. చద్దిమూట మొదటి పూటకు సరిపోతుంది. పడవ అందక ఒక రాత్రి గట్టుమీద గడిపితే రెండో పూటకు అటుకులు, బెల్లం. మూడో పూటకు పిల్లలు ఏడుస్తారు. ప్రపంచంలో ఏ దీవి ప్రయాణమైనా ఇక్కడే తేలుతుంది. ఏజియన్ సముద్రంలోని చిన్న గ్రీకు దీవులకు నేటికీ వేసవిలో ఉత్తరపు గాలి ముదిరితే ఓడలను రేవు దాటనివ్వరు. ప్రయాణికులు రెండు మూడు రోజులు కాఫీకొట్టులో కూర్చుని గాలికేసి చూస్తారు. కాకపోతే వాళ్ళకు కాఫీకొట్టు ఉంది. గన్నవరంలో ఉన్నది సీతమ్మగారి వంటిల్లు.

జోగన్న గారికి లంక భూములున్నాయి, పాడి ఉంది. వరద వెళ్ళిపోయాక వండ్రు పట్టిన నేలలో ఏం వేస్తే అది పండేది. పండింది గాదెల్లోంచి నేరుగా పొయ్యిల మీదికి వెళ్ళేది. రేవు వేళలను బట్టి జనం వస్తారు గనక ఆ ఇంటికి భోజనవేళ అంటూ లేదు. ఆఖరి పడవ దిగినవాళ్ళు చీకటిపడ్డాక వస్తారు. తొలి పడవ ఎక్కేవాళ్ళకు తెల్లారకముందే ఏదైనా కడుపులో పడాలి. అందుకే ఆ పొయ్యి ఆరేది కాదు. వచ్చినవాడి కులం అడగలేదంటారు, ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. పిఠాపురం రాజా మారువేషంలో వచ్చి తిని చూశారనీ, తర్వాత ఇవ్వబోయిన మాన్యాలు ఆవిడ పుచ్చుకోలేదనీ ఒక కథ. వరద రాత్రి లంకలో చిక్కుకున్నవాడెవడో ఆకలని కేకలేస్తుంటే, వానలో పడవ కట్టించి అన్నం తీసుకువెళ్ళారని ఇంకో కథ. పెరిగి పెరిగి మనదాకా వచ్చి ఉంటాయి, కాదనను. కానీ చూడండి, ఆవిడ కథల్లో దాదాపు అన్నిట్లోనూ ఒక పడవో, ఒక దారో, దారి తెన్నూ లేక ఆగిపోయిన ఒక మనిషో ఉంటారు.

ఇక పల్లకీ లేచింది.

వైనతేయ దాటి రాజోలు వైపు నేల మీదికి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. కోతలైపోయాయి. కళ్ళాల్లో గడ్డిమేట్లు వేస్తున్నారు. గట్టు దారి కొంతదూరం, ఇసుక దారి కొంతదూరం. ఇసుకలో బోయీల అడుగు పడదు, పల్లకీ ఒకవైపుకు ఒరుగుతుంది. "ఒహోం, ఒహోం" అంటూ భుజం మార్చుకోవడానికి ఆగినచోటల్లా ఎవరో ఒకరు చేతులు జోడించి పలకరిస్తున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ ఇంట్లో తిన్నవాళ్ళే. ఆవిడకు ముఖాలు గుర్తుండకపోవచ్చు. ఎవరు ఎంత తిన్నారో గుర్తుండి ఉంటుంది, వడ్డించే చేతులకు జ్ఞాపకం అలాగే ఉంటుంది.

ఎదురుగా జనం వస్తున్నారు. తీర్థానికి అటు పోయేవాళ్ళే కాదు, ఇటు వచ్చేవాళ్ళూ ఉన్నారు. చుట్టాలింటికో, కాలువ పనికో, మొక్కు ముందే తీర్చుకునో.

సాయంత్రానికి బోయీలు ఒక రావిచెట్టు కింద పల్లకీ దించి నీళ్ళకని బావి దగ్గరకు వెళ్ళారు. తెర వేసి ఉంది. చెట్టుకు అవతలి వైపు ఇంకెవరో వచ్చి కూలబడ్డారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరో ముగ్గురో పిల్లలు. తెర వెనక ఎవరున్నారో వాళ్ళకు తెలియదు. ఇక్కడినుంచి మాటలు నేను రాస్తున్నవి, సారం జనం చెప్పేదే.

"నాన్నా, ఇంకెంత దూరం?"

"వచ్చేశాం రా."

"ఇందాకా అదే అన్నావు."

చిన్నది ఏడుపందుకుంది. తల్లి మూట విప్పి దులిపింది. ఏమీ రాలలేదు.

"ఏమండీ, పిల్లలింక నడవలేరు. పొద్దున తిన్న గుప్పెడు అటుకులే."

"ఒక్క పూట ఓర్చుకోమను. గన్నవరం చేరామంటే సీతమ్మగారి ఇల్లుంది. వేడివేడి అన్నం, పప్పు, నెయ్యి."

"మనం చేరేసరికి ఎంత రాత్రవుతుందో. తలుపు తీస్తారా?"

"అర్ధరాత్రి తట్టినా లేచి పొయ్యి ముట్టిస్తారట ఆ తల్లి. లేరా అన్నయ్యా, లే. నెయ్యేసుకుని తిందువుగాని."

నెయ్యి మాట వినగానే పిల్లవాడు లేచాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

తెర వెనక ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. నా మటుకు నాకు అక్కడ కన్నీళ్ళు కనిపించవు, లెక్క కనిపిస్తుంది. వీళ్ళు ఈ రాత్రికి చేరతారు. నేనక్కడ ఉండను. అప్పగింతలు పెట్టి వచ్చాను, నిజమే. కానీ వచ్చింది ఎందరో, ఎప్పుడొచ్చారో, అందులో పిల్లలెందరో చూసి గిన్నె దించాలా ఎక్కించాలా తేల్చేది నేనే. వీళ్ళ వెనక ఇంకెందరున్నారో. జనం దారిలో ఉండే రోజుల్లోనే నాకు దారి పట్టాలనిపించింది. ఇన్నేళ్ళు ఆ ఇంటిని నడిపిన మనిషికి ఇంత లెక్క తట్టడానికి క్షణం పట్టదు.

బోయీలు తిరిగొచ్చేసరికి అమ్మగారు పల్లకీ వెనక్కి తిప్పమన్నారు.

"అదేంటమ్మగారూ! రాజోలు దాటామంటే రేపీపాటికి గుళ్ళో ఉంటాం, ఆయ్. ఇంతదూరం వచ్చి..."

వెనక్కే, అందులోనూ తొందరగా. ఆ సంసారం కంటే ముందు ఇల్లు చేరాలి. బోయీలు రోజంతా మోసినవాళ్ళు. తిట్టుకుని ఉంటారు, లోలోపల. మళ్ళీ అదే ఇసుక, అదే గట్టు, అదే వైనతేయ, ఈసారి కాగడా వెలుగులో. దారిలో ఆ మొగుడూ పెళ్ళాం పిల్లలను దాటేసుకుంటూ ఒక పల్లకీ దూసుకుపోయి ఉంటుంది. ఎవరో కలిగినవారు పోతున్నారనుకుని వాళ్ళు పక్కకు తప్పుకుని ఉంటారు. గన్నవరం చేరి తలుపు తట్టేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయని కథ చెబుతుంది. నరసింహస్వామి ఎక్కడికీ పోడు, ఆకలి ఆగదు అని ఆవిడ అనుకున్నారని కూడా కొందరు కలుపుతారు. అది పురాణం చెప్పేవాళ్ళ అతుకు అని నా అనుమానం. అలాంటి మనిషికి అంత మాట అనుకునే తీరిక ఉండి ఉండదు.

ఆవిడ చేయని ఇంకో ప్రయాణం గురించి కూడా చెప్పుకోవాలి. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం పేరిట 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. లార్డ్ కర్జన్ ఏర్పాటు చేసిన ఆ ఆర్భాటానికి మూడేళ్ళ ముందే పశ్చిమ, మధ్య భారతం కరువుతో కటకటలాడింది. అన్నదానానికి గుర్తింపుగా సీతమ్మగారికి యోగ్యతాపత్రం, ఆహ్వానం వచ్చాయి. ఆవిడ వెళ్ళనన్నారు. వచ్చిన అధికారి కనీసం ఫొటో అయినా ఇప్పించమని బతిమాలాడట. ఫొటో లేకుండా తిరిగి వెళితే అతని ఉద్యోగానికి ముప్పని తెలిసి ఒప్పుకున్నారట. ఆ పటాన్ని కుర్చీలో ఉంచి చక్రవర్తి స్వయంగా నమస్కరించాడని మనవాళ్ళు గర్వంగా చెబుతారు. ఎడ్వర్డు ఢిల్లీకి రానేలేదు, తమ్ముడు కన్నాట్ డ్యూకును పంపాడు. కాబట్టి ఆ నమస్కారం సంగతి నేను పూచీ పడను. ఆవిడ రైలెక్కి ఢిల్లీ వెళ్ళకపోవడానికి కారణం మాత్రం రావిచెట్టు దగ్గరిదే. వెళ్తే రావడానికి ఎన్నాళ్ళో, ఆ నాళ్ళు ఇంటికొచ్చేవాళ్ళ గతేమిటి?

మండపేట నుంచి గన్నవరం, గన్నవరం నుంచి సగం అంతర్వేది. ఆవిడ కథల్లో కనిపించే ప్రయాణాలు ఇంతే. 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు.

తర్వాతి వందేళ్ళలో రేవులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జొన్నాడ దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద వంతెనలు పడ్డాక కోనసీమ పై అంచున జాతీయ రహదారి పరిగెత్తింది. కింది సీమ మాత్రం చాలాకాలం పడవల మీదే బతికింది. కాకినాడకు వెళ్ళాలంటే యానాం రేవు, పాలకొల్లుకు వెళ్ళాలంటే చించినాడ రేవు, అమలాపురం నుంచి రాజోలుకు దగ్గరిదారిన పోవాలంటే బోడసకుర్రు రేవు. ఈ మూడుచోట్లా ఇప్పుడు వారధులున్నాయి. వాటి కోసం పట్టుబట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జి.ఎం.సి. బాలయోగి. ఎదుర్లంక అనే లంకలో పుట్టి, అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళి, 1998లో స్పీకరైన మనిషి. 2002 మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తుండగా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టర్ చేపల చెరువులో కూలి చనిపోయారు. యానాం-ఎదుర్లంక వారధికి ఆయన పేరే పెట్టారు. రైలు సంగతి వేరు. కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలు గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరాలని పాతికేళ్ళుగా పని నడుస్తోంది. నదిలో స్తంభాలు లేచాయి. అమలాపురంలో రైలు కూత ఇంకా వినపడలేదు.

గన్నవరంలో హేగ్ కట్టిన అక్విడక్టు నూట నలభై ఏళ్ళ పైన పనిచేసింది. పక్కన కొత్తది కట్టి 2000లో ప్రారంభించారు. దాని మీద కాలువా, రోడ్డూ రెండూ వెళ్తాయి. పేరు డొక్కా సీతమ్మ అక్విడక్టు. రావులపాలెం నుంచి రాజోలు వెళ్ళే బస్సు దాన్ని దాటేస్తుంది. కిటికీలోంచి పాత కమానులు కనిపిస్తాయి, చూడాలనుకుంటే ఫోను పక్కన పెట్టాలి.

అక్కడినుంచి అంతర్వేదికి రోడ్డు నేరుగా ఉంది. గన్నవరంలో టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం నైవేద్యానికి ముందే గుళ్ళో ఉండొచ్చు. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు మాత్రం సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కుతారు. మోటారు సైకిళ్ళు, కార్లు, కొబ్బరి బొండాలు, కల్యాణానికి వెళ్ళే ముసలమ్మలు అందరూ ఒకే చెక్కల మీద. పాతకాలం పంటుకూ దానికీ తేడా ఇంజను చప్పుడే. తీరిక ఉన్నవాళ్ళు రానూ పోనూ అదే దారిన వెళ్ళాలని నా సలహా.

రేవులన్నీ పోయాయని ఎవరైనా అంటే గన్నవరం దాటి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అదే మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట ఉన్నాయి. వేసవిలో పాయ ఎండితే అడ్డంగా మట్టిగట్టు వేసుకుని ఆ దారిన బళ్ళు నడుపుతారు. జూలైలో మొదటి ఎర్రనీరు రాగానే గట్టు కొట్టుకుపోతుంది. అప్పటినుంచి పడవే. ఏటా జరిగేదే గనక పత్రికల జిల్లా పేజీలో ఏటా అదే వార్త, దాదాపు అదే ఫొటోతో వస్తుంది. వంతెన పని మొదలైంది, ఏళ్ళు గడుస్తున్నాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చినప్పుడు లంకల్లో నడుం లోతు నీళ్ళు. బియ్యం, పాలు, మంచినీళ్ళు, అన్నం పొట్లాలు పడవల్లో వెళ్ళాయి. పడవ ప్రయాణం ముచ్చటగా ఉంటుందనుకునేవాళ్ళు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 2018 జూలై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడినుంచి ఇళ్ళకు పోతున్న పిల్లలున్న పడవ, కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. తమ కోసం కడుతున్న వంతెనకే తగిలి పోయారు.

2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టింది. డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారే రాష్ట్రంలో, ఈ పేరు మీద మాత్రం ఎవరూ పేచీ పెట్టలేదు. లంక పిల్లలు వరద నెలల్లో లైఫ్ జాకెట్లు వేసుకుని పడవ దాటి వచ్చి ఆ అన్నం తింటారు. వరద మరీ ముదిరితే పడవలు ఆపేస్తారు. అప్పుడు బడికి సెలవు, అన్నం ఇంట్లోనే.